పంపుతూనే వినే పరికరాలు: పేటెంటు పరీక్షలో నిలిచేదేది?

మేధోసంపత్తి హక్కులపై ఈ శీర్షికకు ఈసారి ఓరుగల్లు, కరీంనగర్, గోదావరిఖని వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వైర్‌లెస్ పరికరాల గురించినవే. హనుమకొండ విద్యార్థుల ఉత్తరంలోని విషయం లోతైనది కనుక దానికే ఎక్కువ చోటు కేటాయిస్తున్నాను. మిగిలినవాటికి అవసరమైనంత మేరకే జవాబులు ఉంటాయి.

ప్రశ్న: మేము హనుమకొండలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఎం.టెక్. చదువుతున్నాము. రెండు చిన్న పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఒకే పౌనఃపున్యంపై, ఒకే సమయంలో పరస్పరం సమాచారం పంపుకొనే ఫుల్ డ్యూప్లెక్స్ ఏర్పాటును తయారుచేసి, కళాశాల పేరున పేటెంటుకు దరఖాస్తు పెట్టాము. చెన్నై పేటెంటు కార్యాలయం నుంచి మొదటి పరీక్షా నివేదిక వచ్చింది. మొదటి నాలుగు క్లెయిముల్లో (దేనిపై హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యాల్లో) కొత్తదనం లేదంటూ, రెండు వేర్వేరు పౌనఃపున్యాలు వాడే మొబైల్ ఫోనుకు సంబంధించిన ఒక పాత పేటెంటును ఆధారంగా చూపించారు. మాది ఒకే పౌనఃపున్యం కదా, ఆ పత్రం మా ఆవిష్కరణకు ఎలా అడ్డు వస్తుంది? మొదటి క్లెయిము నకలు జతచేస్తున్నాము.
— విద్యార్థులు, హనుమకొండ

జవాబు: మీరు పంపిన క్లెయిము ఇలా ఉంది: “ఒక ట్రాన్స్‌మిటరు, ఒక రిసీవరు, ఒక నియంత్రణ విభాగం కలిగి, రెండో పరికరానికి సంకేతాన్ని పంపుతూ అదే సమయంలో దాని నుంచి సంకేతాన్ని స్వీకరిస్తూ, ట్రాన్స్‌మిటరు నుంచి రిసీవరులోకి చేరే సంకేతాన్ని తగ్గించే సాధనం గల పరికరం.” దీన్ని పరీక్షకుడి కళ్లతో ఒకసారి చదవండి. ఒకే పౌనఃపున్యం అన్న మాట ఇందులో ఎక్కడా లేదు. అది మీ వివరణలో ఉంది, పటాల్లో ఉంది, మీ మనసులో ఉంది. పరీక్ష జరిగేది మాత్రం క్లెయిములో రాసినదానిపైన. వివరణలోని పరిమితులను క్లెయిములోకి తెచ్చిపెట్టుకుని చదవడం పరీక్షకుడి పని కాదు.

ఇప్పుడు ఆయన చూపిన ఫోను సంగతి. జీఎస్ఎం 900 ఫోను 890 నుంచి 915 మెగాహెర్ట్జ్ మధ్య పంపుతుంది, 935 నుంచి 960 మధ్య అందుకుంటుంది. రెండింటి మధ్య 45 మెగాహెర్ట్జ్ ఎడం ఉంటుంది. ఇలా రెండు పౌనఃపున్యాలను విడదీసి వాడే పద్ధతిలో పంపడం, వినడం ఏకకాలంలో సాగించే పరికరాల్లో డ్యూప్లెక్సర్ అనే వడపోత భాగం ఉంటుంది. ట్రాన్స్‌మిటరు సంకేతం రిసీవరులోకి చొరబడకుండా చూడటమే దాని పని. అంటే మీ క్లెయిములోని ట్రాన్స్‌మిటరు, రిసీవరు, నియంత్రణ విభాగం, ఏకకాల ప్రసారం, చొరబాటును తగ్గించే సాధనం అన్నీ ఆ ఒక్క పత్రంలోనే దొరికాయి. క్లెయిములోని ప్రతి అంశమూ ముందే వెలువడిన ఒకే పత్రంలో కనిపిస్తే కొత్తదనం పోయినట్టే. పేటెంట్ల చట్టం, 1970లోని 13వ సెక్షను కింద పరీక్షకుడు చేయవలసిన వెతుకులాట ఇదే. ఆ పాత పత్రం మీ పరికరంలా పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్న ఇక్కడ రాదు.

కాబట్టి “ఒకే పౌనఃపున్య పట్టీలో, కాలంలో పరస్పరం అతివ్యాప్తమయ్యేలా” అన్న పరిమితిని క్లెయిములో చేర్చండి. మీ వివరణలో అది మొదటినుంచీ ఉంది కనుక 59వ సెక్షను దీనికి అడ్డు చెప్పదు. అప్పుడు ఆ ఫోను పేటెంటు పక్కకు తొలగుతుంది. అయితే అసలు పోరాటం అక్కడి నుంచే మొదలవుతుందని ముందే గ్రహించాలి, ఎందుకంటే ఒకే పౌనఃపున్యంపై ఏకకాలంలో పంపి వినడం కూడా ఇప్పుడు కొత్త సంగతి కాదు.

ఈ రంగం ఎక్కడిదాకా వచ్చిందో చెబితే మీ జవాబు ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది. 100 మిల్లీవాట్ల శక్తితో పంపే పరికరానికి తన సొంత సంకేతమే అతిపెద్ద శత్రువు. అది 20 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే కొలత) బలంతో బయలుదేరుతుంటే, రిసీవరులోని సహజమైన నాయిస్ స్థాయి సుమారు మైనస్ 90 డీబీఎం దగ్గర ఉంటుంది. తన సంకేతాన్ని ఆ స్థాయికి అణచాలంటే 110 డెసిబెల్స్, అంటే పదివేల కోట్ల వంతుల్లో ఒక వంతుకు తగ్గించాలి. సొంత డప్పు మోగిస్తూనే ఆవలి గట్టున ఎవరో గుసగుసగా చెప్పిన మాటను వినడం వంటిది ఇది. ఇదంతా కంప్యూటరులో లెక్కకట్టి తీసివేయవచ్చు కదా అనిపించవచ్చు గాని అది కుదరదు. సంకేతాన్ని అంకెలుగా మార్చే 12 బిట్ల పరివర్తకం ఆదర్శ స్థితిలోనే సుమారు 72 డెసిబెల్స్ వ్యాప్తిని మాత్రమే పట్టగలదు. సొంత సంకేతం ఆ పరిధినంతా ఆక్రమిస్తే, అవతలి నుంచి వచ్చే బలహీన సంకేతం అంకెల్లోకి రాకుండానే పోతుంది. అందుకే రద్దులో పెద్ద వాటా పరివర్తకానికి ముందే, యాంటెన్నా దగ్గర గాని అనలాగ్ వలయంలో గాని జరిగిపోవాలి.

ఈ చిక్కును విప్పే పని 2010 నుంచి వేగం పుంజుకుంది. ఆ ఏడాది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ బృందం రెండు పంపే యాంటెన్నాలను, ఒక అందుకునే యాంటెన్నాను వాడింది. పంపే యాంటెన్నాల దూరాల్లో అర్ధ తరంగదైర్ఘ్యం తేడా ఉండేలా అమర్చడంతో రెండు సంకేతాలూ రిసీవరు దగ్గర ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ తేడా ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. అయితే ఆ దూరం ఒక్క పౌనఃపున్యానికే సరిగ్గా సరిపోతుంది కనుక పట్టీ వెడల్పు పెరిగేకొద్దీ రద్దు చెడిపోతుంది. 2011లో అదే విశ్వవిద్యాలయం నుంచి బాలన్ అనే భాగంతో సంకేతాన్ని తలకిందులు చేసి కలిపే పద్ధతి వచ్చింది. 2013లో దినేశ్ భరాడియా, సచిన్ కట్టి తదితరులు పంపే సంకేతాన్ని యాంటెన్నాకు, వచ్చే సంకేతాన్ని రిసీవరుకు మళ్లించే సర్క్యులేటరు అనే భాగం సాయంతో ఒకే యాంటెన్నా చాలునని, వైఫైకి చెందిన 80 మెగాహెర్ట్జ్ వెడల్పులో 110 డెసిబెల్స్ రద్దు సాధ్యమేనని చూపించారు. ఆ ప్రయోగంలో సమాచార వేగం 1.87 రెట్లయింది. 2016లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అయస్కాంతం అవసరం లేని సర్క్యులేటరును చిప్‌లోనే అమర్చే దారి వేశారు. రైస్ విశ్వవిద్యాలయ పరిశోధన కూడా 2010 నాటికే వెలువడింది. ఇవన్నీ ప్రచురితాలే. ప్రపంచంలో ఎక్కడ ప్రచురితమైనా, ఏ భాషలో ఉన్నా, మీ దరఖాస్తు తేదీకి ముందుదైతే అది మీపై ప్రయోగించదగిన పూర్వ పరిజ్ఞానమే అవుతుంది.

ప్రశ్న: అదే నివేదికలో 5 నుంచి 9 వరకు క్లెయిముల్లో ఆవిష్కరణాత్మక ముందడుగు లేదని, రెండు పత్రాలను కలిపి చూపించారు. ఏ పత్రంలోనూ మా ఏర్పాటు పూర్తిగా లేదు. మా పరికరాల్లో మిగిలిపోయిన సొంత సంకేతం ఒక హద్దు దాటగానే, ఆ సంగతిని మొదటి పరికరం రెండోదానికి తెలుపుతుంది. రెండోది క్షణకాలం మౌనం వహించగా మొదటిది తన రద్దు వలయాన్ని సరిచేసుకుంటుంది. రెండు పత్రాలను అతికించి మమ్మల్ని కాదనడం న్యాయమేనా?
— అదే విద్యార్థులు

జవాబు: న్యాయమే. కొత్తదనానికి ఒకే పత్రం కావాలి గాని, ఆవిష్కరణాత్మక ముందడుగును తూచేటప్పుడు పత్రాలను కలిపి చూడవచ్చు. ఆ రంగంలో సాధారణ నైపుణ్యం ఉన్న వ్యక్తికి ఆ కలయిక సహజంగా తోచేదేనా అన్నదే పరీక్ష. చట్టంలోని 2(1)(జేఏ) నిర్వచనం ఉన్న పరిజ్ఞానంతో పోల్చినప్పుడు సాంకేతికమైన పురోగతిని గాని ఆర్థిక ప్రాధాన్యాన్ని గాని, లేదా రెండింటినీ కోరుతుంది. దానితోపాటు ఆ నైపుణ్యం గల వ్యక్తికి అది తేటతెల్లంగా తోచకూడదంటుంది. ఈ విషయంలో నేటికీ ఉటంకించే తీర్పు సుప్రీంకోర్టు 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో ఇచ్చినది. లోహపు పాత్రలను లేతు యంత్రంపై పట్టి ఉంచే సాధనానికి సంబంధించిన ఆ పేటెంటు, పనివాడికి సహజంగా తోచే మార్పుకు మించినది కాదన్న కారణంతో నిలవలేదు. మన పెంబర్తి ఇత్తడి కళాకారులు చదివితే వారికి ఇట్టే అర్థమయ్యే తీర్పు అది.

మీ ఉత్తరంలో మీరు అంతగా పట్టించుకోకుండా రాసిన వాక్యమే నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది: హద్దు దాటడం, తెలియజేయడం, మౌనం, సవరణ. మీ క్లెయిములు మాత్రం యాంటెన్నాల గురించి, రద్దు వలయం గురించి ఎక్కువగానూ, ఈ ఒప్పందం గురించి తక్కువగానూ మాట్లాడుతున్నాయి. రద్దు వలయం ఇప్పటికే నిండిపోయిన చోటు. పరిశోధకులు, కంపెనీలు పదిహేనేళ్లుగా అక్కడే తవ్వుతున్నారు. రెండు పరికరాల మధ్య ఒప్పందంలో మీకు కొంత ఖాళీ ఉండవచ్చు.

అక్కడ కూడా జాగ్రత్త అవసరం. మౌన వ్యవధి ఒక్కటే కొత్తదని వాదిస్తే నిలవదు, ఎందుకంటే ముందుగా తెలిసిన సంకేతాన్ని పంపి, దాని ఆధారంగా వలయాన్ని సరిచేసుకోవడం ఈ రంగంలో అందరూ చేసేదే. మరి మీరు చెప్పుకోదగినది ఏది? మిగిలిన సంకేతాన్ని వలయంలో ఏ బిందువు దగ్గర కొలుస్తున్నారు, పరివర్తకానికి ముందా తరువాతా. హద్దును ఎలా నిర్ణయిస్తున్నారు. అవతలి పరికరం మౌనాన్ని ఎంతసేపు పాటించాలో ఎవరు, దేని ఆధారంగా చెబుతారు. ఈ క్రమం వల్ల నిర్ణీత కాలానికొకసారి సరిచేసుకునే పద్ధతి కంటే మౌనంలో పోయే సమయం ఎంత తగ్గింది. ఈ చివరి ప్రశ్నకు మీ దరఖాస్తులో కొలతలు ఉంటే అవే మీ బలం. “మా పరికరం వేగవంతమైనది” అనే వాక్యానికి పరీక్షకుడి దగ్గర విలువ లేదు. ఇంత దూరంలో, ఇంత శక్తితో, చేతిని యాంటెన్నా దగ్గరకు తెచ్చినప్పుడు ఇన్ని మిల్లీసెకన్లలో రద్దు తిరిగి కుదిరిందని చెబితే ఉంటుంది.

జవాబు రాసేటప్పుడు చాలామంది రెండు పత్రాలనూ విడివిడిగా ఖండిస్తారు: మొదటిదానిలో ఇది లేదు, రెండోదానిలో అది లేదు అని. అది గురి తప్పిన వాదన, ఎందుకంటే పరీక్షకుడు వాటిని కలిపి చూపించాడు. మొదటి పత్రాన్ని చేతిలో పట్టుకున్న ఇంజనీరు రెండోదానివైపు ఎందుకు చూడడో, చూసినా కలపడానికి ఎదురయ్యే సాంకేతికమైన అడ్డంకి ఏమిటో చెప్పాలి. ఉదాహరణకు మొదటి పత్రం యాంటెన్నాల స్థిరమైన దూరంపై ఆధారపడితే, అందులో ఎప్పటికప్పుడు సరిచేయవలసిన వలయానికి చోటే లేదని చూపించవచ్చు.

గడువు సంగతి కూడా ఇక్కడే చెబుతాను. నివేదిక మీ చేతికి అందిన తేదీ నుంచి కాక, అది జారీ అయిన తేదీ నుంచి ఆరు నెలల్లోగా జవాబు చేరాలి. రుసుము కట్టి మరో మూడు నెలలు పొడిగింపు కోరవచ్చు. అదీ దాటితే 21వ సెక్షను ప్రకారం దరఖాస్తును వదులుకున్నట్టే భావిస్తారు. సెమిస్టరు పరీక్షల హడావుడి పేటెంటు కార్యాలయానికి పట్టదు.

ప్రశ్న: పదో క్లెయిముపై 3(కె) సెక్షను కింద అభ్యంతరం చెప్పారు. అంకెల రూపంలో సొంత సంకేతాన్ని అంచనావేసి తీసివేసే పద్ధతి అది. అల్గారిథం కాబట్టి పేటెంటు రాదని వదిలేయమంటారా?
— అదే విద్యార్థులు

జవాబు: వదిలేయవద్దు, తిరగరాయండి. గణిత పద్ధతి, అల్గారిథం, కంప్యూటర్ ప్రోగ్రామ్‌గా మాత్రమే ఉన్నది ఆవిష్కరణ కాదని 3(కె) అంటుంది. మీ పదో క్లెయిము సమీకరణాలతో మొదలై గుణకాల విలువలతో ముగుస్తోంది. అందులో రిసీవరు ఊసే లేదు. అందువల్ల అభ్యంతరం రావడం సహజం. ఏ యాంటెన్నా నుంచి వచ్చిన ఏ సంకేతాన్ని నమూనాగా తీసుకున్నారో, లెక్కించిన గుణకాలతో ఏ భాగం ఏ సంకేతాన్ని మారుస్తుందో, దానివల్ల రిసీవరులో మిగిలే వ్యతికరణం (అడ్డు తగిలే సొంత సంకేతం) ఎలా తగ్గుతుందో క్లెయిములోనే కనబడాలి. ఫరీద్ అల్లాని కేసులో ఢిల్లీ హైకోర్టు 2019 డిసెంబరులో ఇచ్చిన తీర్పు మీకు పనికివస్తుంది. కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉన్నంత మాత్రాన ఆవిష్కరణను తోసిపుచ్చరాదని, దానివల్ల కలిగే సాంకేతిక ఫలితాన్ని, సాంకేతిక తోడ్పాటును చూడాలని ఆ తీర్పు సారాంశం. రేడియో వలయంలోని వ్యతికరణాన్ని తగ్గించడం సాంకేతిక ఫలితం కాదని ఎవరైనా అనగలరని నేను అనుకోను, కాని దాన్ని క్లెయిములో రాయకుండా వాదనలో మాత్రమే చెబితే లాభం లేదు.

ప్రశ్న: దరఖాస్తు పెట్టిన తరువాత సర్క్యులేటరు చేర్చి కొత్త ప్రయోగాలు చేశాము, ఫలితాలు ఇంకా మెరుగయ్యాయి. వాటిని ఇప్పుడు జవాబుతో పాటు వివరణలో చేర్చవచ్చా?
— అదే విద్యార్థులు

జవాబు: చేర్చకూడదు. దిద్దుబాటు, వివరణ, కొంత వదులుకోవడం తప్ప, మొదట దాఖలు చేసినదానిలో లేని విషయాన్ని తరువాత తెచ్చి పెట్టడాన్ని 59వ సెక్షను అనుమతించదు. మెరుగుదలకు 54వ సెక్షను కింద అదనపు పేటెంటు కోరవచ్చు. దానికి విడిగా పునరుద్ధరణ రుసుము ఉండదు. ప్రధాన పేటెంటుతో పాటే దాని కాలం ముగుస్తుంది. ప్రధాన ఆవిష్కరణతో పోల్చి ఆవిష్కరణాత్మక ముందడుగు లేదన్న కారణంతో అదనపు పేటెంటును కొట్టివేయరాదని 56వ సెక్షను ఒక రక్షణ కూడా ఇస్తుంది. విడి దరఖాస్తుగానే పెట్టాలనుకుంటే మీ మొదటి దరఖాస్తు ప్రచురణ తేదీని చూసుకోండి. సాధారణంగా 18 నెలలకు జరిగే ఆ ప్రచురణ తరువాత మీ సొంత పత్రమే మీ కొత్త దరఖాస్తుకు అడ్డు నిలుస్తుంది.

ప్రశ్న: నేను గోదావరిఖని ప్రాంతంలో భూగర్భ గనుల్లో సమాచార పరికరాల మరమ్మతు చేసే సాంకేతిక నిపుణుడిని. బయట దొరికే ఫుల్ డ్యూప్లెక్స్ మాడ్యూళ్లను తీసుకుని గనిలో కార్మికులు ఒకేసారి మాట్లాడుకొనే, వినే హెల్మెట్ ఏర్పాటు చేశాను. గనుల్లో ఇంతకుముందు ఎవరూ ఇలా వాడలేదు. పేటెంటు వస్తుందా?
— గోదావరిఖని పాఠకుడు

జవాబు: తెలిసిన పరికరాన్ని కొత్త చోట వాడటం ఒక్కటే అయితే రాదు. తెలిసిన యంత్రాన్ని లేదా పరికరాన్ని ఊరికే వాడుకోవడాన్ని 3(డి), ఎవరి పని వారు మునుపటిలాగే చేసుకుపోయే తెలిసిన భాగాలను పక్కపక్కన అమర్చడాన్ని 3(ఎఫ్) ఆవిష్కరణలుగా ఒప్పుకోవు. హెల్మెట్‌లో మాడ్యూలు, మాడ్యూలుకు బ్యాటరీ, బ్యాటరీకి స్విచ్ అని రాస్తే పరీక్షకుడు మొదటి పేజీలోనే ఈ రెండింటినీ చూపిస్తాడు.

అయితే మీ ఉత్తరం రెండో పేజీలో, గ్యాలరీలోకి (గనిలోని సొరంగ మార్గంలోకి) వెళ్లగానే మాడ్యూలు సరిగా పనిచేయలేదని, అందువల్ల దానిలో మార్పులు చేశానని రాశారు. అసలు విషయం ఆ మార్పుల్లోనే ఉంది. ఆరుబయట సొంత సంకేతం ఎక్కువగా యాంటెన్నా నుంచి నేరుగా రిసీవరులోకి చేరుతుంది. ఇరుకైన గ్యాలరీలో అదే సంకేతం గోడలకు, పైకప్పుకు, యంత్రాలకు తగిలి వేర్వేరు ఆలస్యాలతో తిరిగివస్తుంది. కార్మికుడు నడిచేకొద్దీ ఆ ఆలస్యాలు మారుతుంటాయి. బయట కుదిర్చిన రద్దు అక్కడ చెదిరిపోవడానికి కారణం అదే. పైగా మండే వాయువులుండే చోట నిప్పురవ్వ పుట్టనంత తక్కువ శక్తితోనే వలయం పనిచేయాలి గనుక బలం పెంచి గట్టెక్కే దారి కూడా ఉండదు. ఈ రెండు పరిమితులకు లోబడి మీరు వలయంలో ఏం మార్చారో, ఆ మార్పువల్ల భాగాలు ఒకదానిపై ఒకటి కొత్తగా ఎలా ఆధారపడ్డాయో చెప్పగలిగితే 3(ఎఫ్) వర్తించదు. గనుల్లో ఇప్పటికే వాడుకలో ఉన్న లీకీ ఫీడర్ కేబుల్ (పొడవునా రేడియో సంకేతాన్ని కొద్దికొద్దిగా బయటికి వదిలే కేబుల్) వ్యవస్థలపై వెలువడిన పేటెంట్లను కూడా వెతకండి. మీతో పోల్చదగినవి వైఫై పత్రాలకన్నా వాటిలోనే ఎక్కువగా దొరుకుతాయి. పేటెంటు వచ్చినా రాకున్నా, గనిలో వాడే పరికరానికి గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఆమోదం వేరే అంశం.

ప్రశ్న: కళాశాల టెక్నికల్ ఫెస్ట్‌లో మా విద్యార్థుల ఏర్పాటును ప్రదర్శించి, వీడియోను అంతర్జాలంలో పెట్టాము. పన్నెండు నెలల వెసులుబాటు ఉంటుందంటున్నారు. నిజమేనా?
— అధ్యాపకురాలు, కరీంనగర్

జవాబు: 31వ సెక్షను ఇచ్చే వెసులుబాటు చాలా ఇరుకైనది. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకు, అసలు ఆవిష్కర్త విద్వత్సంఘం ముందు చదివిన లేదా ఆ సంఘం ప్రచురణలో ఆయన సమ్మతితో వెలువడిన పత్రానికి అది వర్తిస్తుంది. దాన్ని కోరడానికి 2024 నిబంధనల సవరణతో 31వ నమూనా పత్రం వచ్చింది. కళాశాల ఫెస్ట్ దాని కిందికి రాదు, అంతర్జాలంలోని వీడియో అసలే రాదు. ఐరోపా దేశాల్లో దరఖాస్తు చేసే ఆలోచన ఉంటే పరిస్థితి ఇంకా కఠినంగా ఉంటుంది. ఆ వీడియోలో వలయం లోపలి వివరాలు కనిపించకపోతే, పరికరం బయటి రూపమే ఉంటే, ఆ మేరకు మీకు నష్టం తక్కువ. వెల్లడి కాని అంశంపై క్లెయిములు నిర్మించుకోవచ్చు. ఇకపై ప్రదర్శనకు ముందురోజైనా సరే తాత్కాలిక వివరణతో దరఖాస్తు వేసి, పన్నెండు నెలల్లోగా సంపూర్ణ వివరణ సమర్పించండి. విద్యాసంస్థకు ఆన్‌లైన్ దాఖలు రుసుము 1,600 రూపాయలు.

ప్రశ్న: పరీక్ష కోసం విడిగా కోరాలా? విచారణకు చెన్నై వెళ్లాలా?
— జనగామ పాఠకుడు

జవాబు: కోరాలి. 18వ నమూనాలో అభ్యర్థన ఇవ్వనిదే దరఖాస్తు పరీక్షకు వెళ్లదు. 2024 మార్చి 15 తరువాత దాఖలైన దరఖాస్తులకు ఆ గడువు 31 నెలలు. అంతకుముందు 48 నెలలు ఉండేది. వ్యక్తులకు, అంకుర సంస్థలకు, విద్యాసంస్థలకు ఆ రుసుము 4,000 రూపాయలు. అంకుర సంస్థలు, మహిళా దరఖాస్తుదారులు 18ఏ నమూనాలో త్వరిత పరీక్ష కోరవచ్చు. విచారణ వీడియో ద్వారానే జరుగుతుంది, ఇంట్లో నుంచే హాజరు కావచ్చు. విచారణ ముగిసిన పదిహేను రోజుల్లో రాతపూర్వక వాదన సమర్పించాలి.

ప్రశ్న: పేటెంటు వస్తే మా ఫుల్ డ్యూప్లెక్స్ పరికరాన్ని వెంటనే అమ్ముకోవచ్చు కదా?
— చిన్నతరహా పారిశ్రామికుడు, జగిత్యాల

జవాబు: పేటెంటు ఇతరులను ఆపే హక్కు ఇస్తుంది; మీకు అమ్మే అనుమతి ఇవ్వదు. మీ పరికరంలోని సర్క్యులేటరుపై గాని రద్దు వలయంపై గాని మరొకరికి భారతదేశంలో అమల్లో ఉన్న పేటెంటు ఉంటే, మీ పేటెంటు చేతిలో ఉన్నా వారి లైసెన్సు తీసుకోవలసిందే. అమెరికాలో మాత్రమే ఉన్న పేటెంటు ఇక్కడి అమ్మకాన్ని ఆపలేదు, కాని అమెరికాకు ఎగుమతి చేస్తే ఆపుతుంది. ఏది ఇక్కడ అమల్లో ఉందో పేటెంటు కార్యాలయపు ఇన్‌పాస్ వెతుకులాటలో ఉచితంగా చూడవచ్చు. హెచ్04బి 1/525, హెచ్04ఎల్ 5/14 అనే వర్గీకరణ సంఖ్యల కింద వెతికితే ట్రాన్స్‌మిటరు చొరబాటును తగ్గించే పద్ధతులు, డ్యూప్లెక్స్ పద్ధతులు చాలావరకు దొరుకుతాయి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో పరిమిత శక్తితో వాడకానికి లైసెన్సు అక్కరలేదు గాని, పరికరం నమూనాకు కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ) విభాగం నుంచి ఈటీఏ అనే పరికర రకం ఆమోదం తప్పనిసరి. బయట దొరికే మాడ్యూలును యథాతథంగా వాడుతుంటే, దానికి ఆ ఆమోదం ఉందో లేదో అమ్మినవారిని పత్రంతో సహా అడగండి.